హోఫరోళ్ళ బిడ్డ

లండన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఒక చిన్న బొమ్మ ఉంది. దక్షిణ జర్మనీలో స్వేబియా అనే ప్రాంతంలో, సుమారు 1470లో వేసింది. ఫర్ చెట్టు పలక మీద నూనె రంగులు. ఎత్తు 54 సెంటీమీటర్లు, వెడల్పు 41. మూరకు కొంచెం ఎక్కువ అనుకోండి. అందులో ఒకామె ఉంది. తలకు తెల్లటి బట్ట మడతలు మడతలుగా చుట్టుకుంది, మన పెద్దమనుషుల రుమాలు కంటే పెద్దగా. ఆ తెల్లబట్ట మీద ఒక ఈగ వాలి ఉంది. ఆమె వేళ్ళ మధ్య సన్నటి పూలరెమ్మ. ఆ పువ్వుకు జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ ‘నన్ను మరవకు’ అనే అర్థం వచ్చే పేరే ఉంది. బొమ్మ పైభాగాన అక్షరాలు: ‘గెబోర్నె హోఫెరిన్’. హోఫర్ల ఇంట పుట్టినామె అని. మన తీరుగ చెప్పాలంటే హోఫరోళ్ళ బిడ్డ.

అంతే. ఆమె పేరు లేదు. ఎవరి భార్యో లేదు. బొమ్మ వేసినాయన పేరు కూడా లేదు. గ్యాలరీవాళ్ళు ‘హోఫర్ కుటుంబపు స్త్రీ’ అని రాసి, చిత్రకారుడి పేరు ఉండాల్సిన చోట ‘స్వేబియన్’ అని ప్రాంతం పేరు పెట్టారు. అయిదున్నర వందల ఏండ్లు గడిచినా ఈగ మాత్రం ఈగలాగే ఉంది. తరిమితే లేచిపోతదేమో అనిపిస్తుంది. అది తన పనితనం చూపించుకోడానికి చిత్రకారుడు వేసిన ఈగ అంటారు కొందరు. ఎంత సోకులున్నా చివరికి ఈగలు ముసిరే శరీరమే అని గుర్తుచేయడానికి వేశాడంటారు ఇంకొందరు. రెండూ కావచ్చు. పనితనం చూపించుకున్నాడు గానీ పేరు రాసుకోలేదు పాపం.

2019లో మా బిడ్డ లండన్‌లో చదువుకుంటుంటే పోయి నెలరోజులున్నాను. ఆ గ్యాలరీకి టికెట్ లేదు. ఎవరైనా పోవచ్చు. ఏ ఊరు, ఎవరోళ్ళు అని అడక్కుండా లోపలికి పోనిచ్చే పెద్ద భవనాలు నేను నా జీవితంలో ఎన్ని చూశానో లెక్కపెడితే చేతివేళ్ళే మిగులుతాయి. అందుకని ఊరికే అయినా రోజు విడిచి రోజు పోయేదాన్ని. మా బిడ్డ ఈ బొమ్మ ముందు నిలబడి పక్కనున్న కాగితం చదివి, “పాపం, నన్ను మరవకండ్రి అని పువ్వు పట్టుకోని మరీ అడిగిందమ్మా. అయినా మర్చిపోయిండ్రు” అన్నది. 

“మర్చిపోలే బిడ్డా. వాళ్ళకేది గావాల్నో అది మంచిగనే దాచుకున్నరు” అన్నాను.

అప్పుడేదో నోటికొచ్చింది అన్నాను గానీ, ఆ మాట తర్వాత నన్ను చాన రోజులు వదల్లేదు. ఒక మనిషిని గుర్తుపెట్టుకోవడం అంటే ఏం గుర్తుపెట్టుకోవడం? ముఖమా, పేరా, వంశమా, చేసిన పనా? వీటిలో ఏది మిగిలితే మనిషి మిగిలినట్టు? ఏది మిగలాలో ఎవరు తీర్మానిస్తారు? ఇది సావకాశంగా కూసోని మాట్లాడుకునే ప్రశ్న అనుకోకండి. ఊళ్ళల్లో బోర్డులు రాసేటప్పుడు, స్తూపాలు కట్టేటప్పుడు, ఫొటోలకు దండలు వేసేటప్పుడు మనం ఈ ప్రశ్నకు జవాబు చెప్తూనే ఉన్నాం. ఆలోచించకుండా చెప్తున్నాం.

ముందు హోఫరోళ్ళ బిడ్డ సంగతి చూద్దాం. ఆమె పుట్టినింటి పేరు బొమ్మ మీదనే ఎందుకు రాశారు? గోడకు వేలాడదీసినాక చూసేవాళ్ళకు తెలవాల్సింది అదే గనుక. ఏ ఇంటిబిడ్డ ఏ ఇంటికి వచ్చింది, ఏ ఇంటితో ఏ ఇంటికి సంబంధం కలిసింది. ఆమెను రోజూ చూసేవాళ్ళకు ఆమె పేరు రాసి చూపించాల్సిన పని లేదు. ఆ రాత వచ్చే తరాలకోసం. వచ్చే తరాలకు పనికొచ్చేది ఆ పిల్ల పేరు కాదని, వంశమని వాళ్ళు అనుకున్నారు. ఆ లెక్కన వాళ్ళు తప్పిపోలేదు. వాళ్ళనుకున్నదే మిగిలింది.

బొమ్మ లండన్‌కు వచ్చిన తోవ కూడా వినండి. ఓటింగెన్ వాలర్‌స్టైన్ అనే జర్మన్ ప్రభువు దగ్గర పాత బొమ్మల సేకరణ ఒకటి ఉండేది. ఆయన విక్టోరియా రాణి మొగడు ఆల్బర్ట్ దగ్గర అప్పు తీసుకుని ఆ బొమ్మల్ని హామీ పెట్టాడు. అప్పు తీరలేదు, బొమ్మలు పోయాయి. 1861లో ఆల్బర్ట్ చనిపోయాడు. ఆయన కోరిక ప్రకారం 1863లో రాణి ఆ బొమ్మల్లో కొన్నిటిని గ్యాలరీకి ఇచ్చేసింది. వాటితోపాటు హోఫరోళ్ళ బిడ్డ కూడా. ఒకప్పుడు ఇంటి గౌరవానికి గుర్తుగా గోడకెక్కింది, తర్వాత అప్పుకింద చేతులు మారింది. ఆస్తిలో భాగంగా బతికింది గనుకనే బతికి బట్టకట్టింది. చిత్తు కాగితమై ఉంటే ఏ పొయ్యిలోకో పోయేది.

అదే గ్యాలరీలో హోల్బైన్ వేసిన ఇంకో బొమ్మ ఉంది. హోల్బైన్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో పుట్టినవాడు, ఇంగ్లండ్ పోయి పేరు సంపాదించినవాడు. ఆ బొమ్మ 1526, 1528 మధ్య వేసింది. తెల్లటి బొచ్చుటోపీ పెట్టుకున్నామె ఒడిలో ఒక ఉడుత, భుజం దగ్గర ఒక గోరింక లాంటి పిట్ట. ఆమె ఎవరో చానా కాలం ఎవరికీ తెలియదు. 2004లో ఒక పరిశోధకుడు తేల్చాడు, ఆమె ఆన్ లొవెల్ అని. ఎట్లా తేల్చాడు? లొవెల్ కుటుంబ చిహ్నంలో ఉడుతలున్నాయి. వాళ్ళకు వారసత్వంగా వచ్చిన ఎస్టేటు ఊరు ఈస్ట్ హార్లింగ్. ఆ పిట్టను ఇంగ్లీషులో స్టార్లింగ్ అంటారు. ఊరిపేరు మీద మాటవిరుపు. చిహ్నం, ఊరు, ఎస్టేటు కలిపి చూస్తే మనిషి దొరికింది. 

ఇది చదివి నేను సంబరపడ్డాను. తర్వాత ఒక సంగతి తట్టింది. ‘ఎవరీమె?’ అని వెతకడమంటే ఆమె భూమి పత్రాలు వెతకడమే. వీలునామాలు, చర్చి కిటికీల మీద వేయించుకున్న కుటుంబ చిహ్నాలు, పెండ్లి ఒప్పందాలు. ఆస్తి ఉన్నోళ్ళు నాలుగువందల ఏండ్ల తర్వాతైనా దొరుకుతారు. ఆస్తి లేనోళ్ళు చనిపోయిన మర్నాడే దొరకరు. మన పేపర్లలో ‘గుర్తు తెలియని’ అనే మాట ఎక్కడ వస్తదో చూడండి. గుర్తు తెలియని శవం, రైలు పట్టాల పక్కన. గుర్తు తెలియని మహిళ, బస్టాండులో. ఆ మాట మ్యూజియంలో ఒక తీరుగ, మార్చురీలో ఒక తీరుగ ఉంటది. మ్యూజియంలోదాని కోసం పండితులు జీవితాలు ధారపోస్తారు. మార్చురీలోదాన్ని మూడురోజులు చూసి మునిసిపాలిటీ బండి ఎక్కిస్తారు.

ఈ సంగతులన్నీ ఒకసారి నా ఉద్యమకాలపు స్నేహితురాలితో చెప్తుంటే ఆమెకు కోపం వచ్చింది. “అక్కా, ఆమె దొరసాని. ఆమెకోసం నువ్వెందుకు కండ్లు తుడుసుకుంటవు? ఆ తెల్లబట్ట ఉతికి, గంజిపెట్టి, మడతలు తీసినామె ఎవరు? ఆమె బొమ్మేది?” అన్నది. 

ఆమె అడిగింది న్యాయమే. అంత తెల్లటి బట్ట తనంత తానే తెల్లగుండదు. ఎవరో నీళ్ళల్లో చేతులు నానబెట్టుకున్నారు. ఆ చేతులామెకు పేరు పోయిందని బాధపడటానికి కూడా లేదు, ఎందుకంటే పేరు పోవాలన్నా ముందు ముఖమో పలకో ఏదో ఒకటి ఉండాలి. గుర్తు తెలియనామె కావడం కూడా ఒక హోదానే. బట్ట ఉతికినామెకు ఆ హోదా కూడా లేదు. ఇంతవరకు నా స్నేహితురాలితో నాకు పేచీ లేదు. కానీ అక్కడ ఆగిపోతే మనకు కష్టమైన ప్రశ్న ఒకటి తప్పించుకుని పోతది. ఆ ప్రశ్న దొరల గోడ మీద లేదు, మన గోడ మీదనే ఉంది. అది చెప్పడానికే హోఫరోళ్ళ బిడ్డను ఇంత దూరం తీసుకొచ్చాను.

మా నాయినమ్మను ఊళ్ళో అందరూ ‘చింతలపల్లామె’ అనేవాళ్ళు. చింతలపల్లి ఆమె పుట్టినూరు. పన్నెండేండ్లప్పుడు మా ఊరికి కోడలుగా వచ్చింది, డెబ్బై దాటి చచ్చేదాకా చింతలపల్లామెనే. మా తాత పిలవాల్సొస్తే ‘ఏమే’ అనేవాడు. పిల్లలు పుట్టినాక ఫలానోని అవ్వ అయింది. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. నన్ను కూడా అత్తగారూళ్ళో మా ఊరిపేరుతోనే పిలుస్తారు, ఎమ్మే చదివినా, కాలేజీలో ముప్పై ఏండ్లు పాఠాలు చెప్పినా. గెబోర్నె హోఫెరిన్ అని చదవంగనే నాకు అర్థం చెప్పాల్సిన పని లేకుండా పోయింది అందుకే. ఫలానా చోట పుట్టినామె. మేము కూడా ఇట్లనే రాస్తం గద, రాసే అలవాటుంటే.

దొరల ఇండ్లల్లో ఇంకో తీరు. పేరు తెలిసినా సగం కోసేవాళ్ళు. ఎల్లయ్యను ఎల్లిగాడని, లక్ష్మమ్మను లచ్చి అని. ‘అయ్య’, ‘అమ్మ’ అనే రెండక్షరాలు మా పేర్ల చివర ఉంటే వాళ్ళ నోళ్ళు కాలేవి. బడిలో కూడా అదే. నన్ను బడిలో వేసినప్పుడు మా నాయిన చెప్పిన పేరు ఒకటి, రిజిస్టర్లో పంతులు రాసింది ఇంకొకటి. ఇప్పటికీ నా సర్టిఫికెట్లన్నిటి మీదా ఆ పంతులు పెట్టిన పేరే ఉంది. ఆ పంతులు పేరు నాకు బాగా గుర్తుంది గానీ ఇక్కడ రాయను.

ఇక మూడో తీరు దొరతనం వాళ్ళది. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. అంతకుముందు ఏండ్లతరబడి మద్రాసు మ్యూజియం నడిపినవాడు, మనుషుల తలలూ ముక్కులూ కొలిచినవాడు. మాలల గురించి, మాదిగల గురించి అందులో పేజీలకు పేజీలున్నాయి. ఆ సంపుటాల్లో ఫొటోలున్నాయి. ఫొటోలో ముఖం ఉంటది, కింద కులం పేరో తెగ పేరో ఉంటది. ఆ మనిషి పేరు వెతికితే మామూలుగా దొరకదు. ఒక్క మనిషి ముఖాన్ని పట్టుకుని ‘ఈ కులం ఇట్లుంటది’ అని చూపించడం. హోఫరోళ్ళు తమ బిడ్డకు వంశం పేరు రాస్తే అది గొప్ప. థర్‌స్టన్ మన ముఖాలకింద కులం పేరు రాస్తే అది నమూనా. రాత ఒకే రకంగా కనబడుతుంది, కానీ ఒకటి ఇంటిగోడ కోసం రాసింది, ఇంకోటి సీసాలో పెట్టిన పురుగుకు అతికించిన చీటీ.

ఇక్కడి నుంచి తోవ ఇరుకవుతుంది.

1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. ఏ మాట వింటే మనం తలదించుకునేవాళ్ళమో ఆ మాటను పేరు చివర పెట్టుకుని తలెత్తాం. నా కండ్లముందర జరిగింది. బస్సులో పక్కసీటాయన పేరడిగితే గొంతు తగ్గించి చెప్పే పిల్లలు, మైకులో కులం పేరుతో సహా పేరు చెప్పుకున్నారు. ఆ ధైర్యం ఎంతదో ఆ రోజుల్లో లేనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. థర్‌స్టన్ అతికించిన చీటీని పీకి, మనమే మన చేత్తో మన అక్షరాలతో రాసుకున్నాం.

1998లో మా గూడెంలో యువజన సంఘానికి ఒక గది కట్టారు. అంబేడ్కర్ ఫొటో, జగ్జీవన్‌రామ్ ఫొటో పెట్టినాక, మన పెద్దమనుషుల ఫొటోలు కూడా పెడదామన్నారు పిల్లలు. మంచిదే. కానీ ఫొటోలేవి? మా నాయినమ్మది ఒక్కటే ఉంది. మా పెద్దబాపుకు నౌకరి వచ్చినప్పుడు టౌనులో స్టూడియోకు పోయి దిగిన గుంపు ఫొటో. ఆమె చివర్న ఉంది, సగం ముఖం పెద్దబాపు భుజం చాటున. చేతులు కొంగులో దాచుకుంది. తంగేడు చెక్క నలగ్గొట్టి, లందలో తోళ్ళు నానేసి, ఆమె వేళ్ళు ఎప్పుడూ ఎర్రగ ముదురురంగులో ఉండేవి. ఎంత తోమినా పోయేది కాదు ఆ రంగు. దాన్ని దాచుకుంది. హోఫరోళ్ళ బిడ్డ వేళ్ళు పువ్వు పట్టుకుని పలక అడుగున కనబడుతాయి, అవి చూపించుకునే వేళ్ళు.

ఆ సగం ముఖాన్ని స్టూడియోలో పెద్దది చేయిస్తే, చేసినాయన తెలిసిన విద్యంతా చూపించాడు. తెల్లగా చేశాడు. నొసట ఇంత బొట్టు పెట్టాడు. చాటునున్న సగం ముఖాన్ని ఊహించి గీశాడు. చీరకు జరీ అంచు వేశాడు. మా మేనత్త చూసి, “ఈమెవలు?” అన్నది.

సరే, ముఖం సంగతట్లుంచి కింద పేరు రాయాలి. ఏమని రాయాలె? రేషన్ కార్డులో లక్ష్మమ్మ, భర్త పేరు. ఓటరు లిస్టులో ఇంకేదో. ఇంట్లో ఎవరికీ పేరు కచ్చితంగా తెలియదు. పెద్దబాపు ఉన్నాడు అప్పటికి. తనపేరు రాసి ‘ఫలానావారి తల్లి’ అని రాయమన్నాడు. ఊళ్ళో మొదటి నౌకరి ఆయనదే గదా. పిల్లలేమో పేరేదైనా సరే, చివర ‘మాదిగ’ అని ఉండాల్సిందే అన్నారు. నేను కూడా పిల్లల పక్కనే నిలబడ్డాను. మా మేనత్త చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “మా మేనమామ ఒకసారి మా అవ్వను సాయమ్మా అని పిలిస్తే ఇన్న. నేను సిన్నదాన్ని. మా అవ్వ తిరిగి సూసింది” అన్నది.

ఆ ‘తిరిగి చూసింది’ అన్న మాటకు మించిన రుజువు ఏ పండితుడి దగ్గరా నేను చూడలేదు.

ఇప్పుడు జర్మనీ నుంచే ఇంకో ఇద్దరిని పిలుస్తాను. ఇద్దరి బొమ్మలూ వేసింది న్యూరెంబర్గ్ చిత్రకారుడు డ్యూరర్. 1514 మార్చిలో ఆయన తన తల్లి బొమ్మ బొగ్గుతో గీశాడు. ఎండిపోయిన ముఖం, మెడమీద నరాలు తేలి, కండ్లు ముందుకు పొడుచుకొచ్చి. పద్దెనిమిదిమంది పిల్లల్ని కన్నది ఆ తల్లి, బతికింది ముగ్గురు. అంత నిజంగా తల్లి ముసలితనాన్ని గీసినవాడు బహుశా అంతకుముందు లేడు. బొమ్మపైన ఆయన రాసుకున్నది: ఇది ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ తల్లి, వయసు 63. రెండు నెలలకు ఆమె చనిపోతే ఆ సంగతి కూడా అక్కడే చేర్చాడు. ఆమె పేరు బార్బరా. ఆ మాట బొమ్మ మీద రాయలేదు. ప్రేమలేక కాదు. తల్లికి కొడుకు పేరే చాలనుకునే అలవాటు అక్కడా ఉంది, మా పెద్దబాపులోనూ ఉంది.

రెండోది 1521. డ్యూరర్ ఆంట్‌వెర్ప్‌లో ఉన్నాడు. అక్కడ పోర్చుగల్ రాజు వ్యాపారాలు చూసే బ్రాందావ్ అనే అధికారి ఇంట్లో ఒక నల్లజాతి యువతి ఉండేది. బానిసా, పనిమనిషా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆమె బొమ్మను వెండి మొనతో గీశాడు. తలకు బట్ట, వంగిన చూపు. అది ఇప్పుడు ఫ్లోరెన్స్‌లో ఊఫిజీలో ఉంది. డైరీలో ఆయన ఆమె పేరు రాయలేదు, బ్రాందావ్ గారి నల్లామెను గీశానని యజమాని పేరుతో రాసుకున్నాడు. కానీ బొమ్మ మీద రాశాడు: కాథరీనా, వయసు 20. 

హోఫరోళ్ళ బిడ్డకు వంశముంది, పేరు లేదు. కాథరీనాకు పేరుంది, వంశం లేదు. ఏ ఊరు, ఏ తల్లి, ఎవరు ఎక్కడ పట్టుకుని ఓడ ఎక్కించారు, ఏదీ లేదు. ఆ పేరైనా తల్లి పెట్టింది అయ్యుండదు, వాళ్ళ చేతుల్లో పడ్డాక చర్చిలో నీళ్ళు చల్లి పెట్టినదై ఉంటది. మా బడిపంతులు పెట్టిన నా పేరులాగ. అయినా ఆ బొమ్మ చూసినప్పుడు ‘కాథరీనా’ అని పిలవొచ్చు. పిలిస్తే తిరిగి చూసేదేమో అనుకోవచ్చు. హోఫరోళ్ళ బిడ్డ దగ్గర ఆ వీలు లేదు. ‘హోఫెరిన్’ అని పిలిస్తే ఆమెతోపాటు ఆమె అక్కచెల్లెళ్ళు, మేనత్తలు, అందరూ తిరుగుతారు.

అందుకని నా స్నేహితురాలు దొరసాని అని కొట్టిపారేసిన బొమ్మను నేను వదలలేకపోతున్నాను. ఆమెను దాచింది పరాయివాళ్ళు కాదు. ఆమె సొంత వంశమే, గొప్పగా చెప్పుకోడానికి రాసిన ఆ రెండు మాటలతోనే దాచింది. మనం కులం పేరు రాసుకోవడం హోఫరోళ్ళు వంశం రాసుకోవడం లాంటిదేనా అని ఎవరైనా అడిగితే కాదనే చెప్తాను. వాళ్ళది ఆస్తి చూపించే పేరు, మనది దెబ్బ చూపించే పేరు. దాన్ని రాసుకునే హక్కు కోసం మనం కొట్లాడినం, ఇంకా కొట్లాడాల్సి ఉంటది. కానీ ఆ పేరు కింద ఆడమనిషి ఎప్పుడైనా సొంత పేరుతో నిలబడిందా అని అడిగితే ఏం చెప్పాలి? మన సంఘాల గోడల మీది ఫొటోలు ఒకసారి లెక్కపెట్టి చూడండి. చదువుకునే పిల్లలు పరిశోధన అంటూ ఎక్కడెక్కడో తిరుగుతారు. తమ నాయినమ్మ పేరు, ఆమె తల్లి పేరు చెప్పగలిగినోళ్ళు క్లాసులో ఎంతమంది? నేను ముప్పై ఏండ్లు క్లాసుల్లో అడిగాను. నాయినమ్మ దాకా వచ్చినవాళ్ళు ఉన్నారు. ఆమె తల్లి దాకా వచ్చినవాళ్ళు చేతివేళ్ళమీద లెక్క.

ఇంకో మాట. 1985లో కారంచేడులో ఆరుగురు, 1991లో చుండూరులో ఎనిమిదిమంది. ఈ అంకెలు మనందరికీ వచ్చు, నిద్రలో లేపి అడిగినా చెప్తాం. పేర్లు? మీటింగులో మైకు పట్టుకుని అంకె చెప్పేవాళ్ళను నేను ఎప్పుడూ పేర్లు అడుగుతాను. కొందరు గడగడా చెప్తారు, వాళ్ళకు దండం. చాలామంది కోపం తెచ్చుకుంటారు. అంకె శత్రువుకు చూపించాల్సిందే, కోర్టుకు చూపించాల్సిందే. ఆ పేర్లు మాత్రం మన నోళ్ళల్లో ఉండకపోతే ఎవరి నోట్లో ఉంటాయి? 

వంశమూ వద్దు, కులమూ వద్దు, ఉట్టి పేరు చాలు అని నేననడం లేదు. ఉట్టి పేరుతో మిగిలిన కాథరీనా ఎంత ఒంటరిదో చూశాం గదా. ఎవరి బిడ్డో చెప్పకుండా, ఎవరు కొట్టారో చెప్పకుండా ఉట్టి పేరు చెప్తే అది కూడా ఒక తీరు దాపరికమే. పై కులపోళ్ళు ఇప్పుడు మనకు చెప్పే నీతి అదే, కులం ఎందుకండీ, మనమంతా మనుషులమే గదా అని. వాళ్ళ పేర్ల చివరి రెండక్షరాలు తీసేసినాక ఆ నీతి చెప్పమనండి, వింటాం.

మళ్ళీ మా గది సంగతి. సాయమ్మ అని తేలినాక పెద్దబాపు మెత్తబడ్డాడు. బోర్డు రాసే పిలగాణ్ణి పిలిపించారు. ‘సాయమ్మ మాదిగ’ అని రాయమన్నారు సంఘం పిల్లలు. నేను పుట్టినూరు కూడా రాయాలన్నాను, ఆమె బతికినన్నాళ్ళు మోసిన పేరు అదే గనుక, దాన్ని తీసిపారేస్తే ఆమెను పిలిచినవాళ్ళందరూ అబద్ధమయిపోతారు. దానికి ఎవరూ కాదనలేదు. అప్పుడు మా మేనత్త, “లందల పని జేసిందని గూడ రాయుండ్రి” అన్నది. 

గదిలో ఎవరూ మాట్లాడలేదు. కులం రాయడానికి వెనకాడని పిల్లలు ఆ పని రాయడానికి వెనకాడారు. “అత్తా, గదెందుకు? ఊరోళ్ళు సదివి నవ్వుతరు” అన్నాడొకడు. డిగ్రీ చదివే పిలగాడు, దండోరాలో ముందు నడిచినోడు. నేను వాణ్ణి తప్పుపట్టను. ఆ వాసన పేరుతోనే గదా మనల్ని ఊరవతల పెట్టింది. 

మా మేనత్త మాత్రం ఒక్కటే మాట మీద నిలబడ్డది. “నవ్వనీ. వాళ్ళ బాయిల మీద మోట నడిసింది మా అవ్వ నానేసిన తోలుతోనేనాయె. దొంగతనం జేసిందా, లంజరికం జేసిందా? పనే జేసింది. ఆమె చేతులు ఫొటోల లెవ్వు. రాతలన్న ఉండనీయుండ్రి.”

బోర్డు పిలగాడు అక్షరానికి ఇంతని లెక్క చెప్పాడు. సంఘం డబ్బులు పైసాపైసా లెక్కన పోగేసినవి. వాళ్ళు అక్షరాలు లెక్కపెట్టుకుని, కొంత తగ్గించమని బేరమాడి, సరే అన్నారు. పొద్దుగూకేదాకా కూసోని తెల్ల పెయింటుతో రాశాడు. మొదటి వరుసలో ‘సాయమ్మ మాదిగ, చింతలపల్లి’ అని పెద్దగా వచ్చింది. రెండో వరుసలో ‘తంగేడు చెక్క కొట్టింది, లందల పని చేసింది’. పలక పొడుగు చూసుకోకుండా మొదలుపెట్టినట్టున్నాడు, చివరికొచ్చేసరికి చోటు సరిపోక ఆఖరి మాట అక్షరాలు సన్నగా, ఒకదాని మీద ఒకటి ఇరుక్కున్నాయి.